చరిత్రలో ఎం.ఏ. పట్టము: సూరతు నుండి కొన్ని మాటలు



బి.ఏ. పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట, కామర్సు చదివినవారికిని కంప్యూటరు చదివినవారికిని త్రోవలు తమంతట తామే తెరచుకొనుచుండగా, చరిత్రను ప్రధానవిషయముగా చదివిన విద్యార్థి మాత్రము, ఇక నేనేమి చేయవలెనని నలుగురిని అడుగుచు తిరుగుట మన యిండ్లలో ఏటేట జరుగుచున్నదే. ఎం.ఏ. చదువవలెనన్నచో ఏమేమి కావలెను, ఎన్ని యేండ్లు పట్టును, ఏ భాషలో వ్రాయవలెను, వ్రాసి నెగ్గిన పిదప ఏమగును అను ప్రశ్నలకు, నేను చాలకాలముగా నివసించుచున్న సూరతు నగరమును దృష్టాంతముగా పెట్టుకొని, నాకు తోచిన సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగోద్దేశము.

సూరతునే ఎన్నుకొనుటకు నేనిక్కడ ఉండుట ఒక్కటే కారణము కాదు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వలసవచ్చి, లింబాయతు, ఉధనా మొదలైన పేటలలో మరమగ్గముల చప్పుడు నడుమ కాపురములు నిలుపుకొనిన పద్మశాలి కుటుంబములు ఇచ్చట వేలకొలదిగా నున్నవి. వారి బిడ్డలకొరకు నగరపాలక విద్యాసమితివారు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు బడులను కూడ నడుపుచున్నారు. ఇక ఊరి సంగతి చెప్పవలెనా? మొగలాయీ కాలమున మక్కాయాత్రికులు ఓడ నెక్కిన రేవు ఇది. జహంగీరు పాదుషా ఫర్మానాతో ఇంగ్లీషు కంపెనీవారు 1613లో వర్తకపు కొఠీ పెట్టుకొనిన తావు ఇది. 1907 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ మితవాదులు అతివాదులుగ చీలి, కుర్చీలు గాలిలో ఎగిరిన ఊరు ఇది. 1928 నాటి పన్నుల నిరాకరణోద్యమమునకు పేరుగన్న బార్డోలీయు, 1938లో సుభాసుచంద్ర బోసు అధ్యక్షత వహించిన హరిపురాయు ఈ జిల్లాలోనివే. 1930లో గాంధీమహాత్ముడు ఉప్పు నెత్తిన దండి, ఆనాడు ఈ జిల్లాలోనిదే. చరిత్ర చదువదలచిన విద్యార్థికి ఇంతకంటె అనుకూలమైన ఊరు దొరకుట అరుదు.

ముందుగా నియమములు చెప్పివేసెదను. అవి పైకి కనబడునంత కష్టమైనవి కావు.

గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయమునుండి పట్టము పుచ్చుకొనియుండుట మొదటి అర్హత. మూడేండ్ల బి.ఏ. చదివినవారికి ఎం.ఏ. రెండేండ్లు, అనగా నాలుగు సెమిస్టర్లు. నూతన విద్యావిధానము ననుసరించి నాలుగేండ్ల ఆనర్సు పట్టము పొందినవారికి ఒక్క యేడే చాలునని విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2024లో వెలువరించిన చట్రము చెప్పుచున్నది. రెండేండ్ల చదువులో చేరి, మొదటి యేడు ముగియగానే ఏదో అక్కరచే మానుకొనవలసి వచ్చినవారికి పోస్టుగ్రాడ్యుయేటు డిప్లొమా ఇచ్చి పంపు వెసులుబాటును కూడ అందులో నున్నది. ఏటికి నలువది క్రెడిట్లు సామాన్యమైన లెక్క. బి.ఏ.లో చరిత్ర చదువనివారు ఆశ వదలుకొన నక్కరలేదు. ప్రవేశపరీక్ష నెగ్గినచో వేరువిషయము చదివినవారిని సైతము చేర్చుకొనవచ్చునని ఆ చట్రమే అనుమతించుచున్నది. అయినను ఏ విశ్వవిద్యాలయము ఏ మేరకు దీనిని పాటించుచున్నదో ఆయా సంవత్సరపు ప్రకటన చూచుకొని తెలిసికొనవలెను.

గుజరాతులోని రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ప్రవేశమునకు ప్రభుత్వమువారు 2024 నుండి ఒకే పోర్టలు పెట్టినారు. దరఖాస్తు దానియందే పెట్టవలెను. మార్కుల పత్రములు, బడి వదలినప్పటి సర్టిఫికెట్టు, కులధ్రువీకరణ అవసరమైనవారికి ఆ పత్రము, వీనికి తోడు ఇతరరాష్ట్రమున బి.ఏ. చదివి వచ్చినవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్టును, ఇచ్చటి విశ్వవిద్యాలయము వ్రాసియిచ్చు అర్హతాపత్రమును కావలసియుండును. ఉస్మానియాలోనో, కాకతీయలోనో చదివి, ఉద్యోగరీత్యా తండ్రితోనో భర్తతోనో సూరతు చేరినవారు ఈ కడపటి రెండు కాగితముల దగ్గరనే చిక్కుపడుట పరిపాటి. ఊరు కదలకముందే మైగ్రేషన్ సర్టిఫికెట్టు చేత పుచ్చుకొనుడని నా మనవి. స్వస్థలమున చదువదలచినవారికి తెలంగాణమున సీపీగెట్, ఆంధ్రప్రదేశమున ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయములకు సీయూఈటీ పీజీ అను ప్రవేశపరీక్షలున్నవి. పనిమానుకొనలేనివారికి సార్వత్రిక విశ్వవిద్యాలయములు శరణ్యములు: 1982లో దేశమున తొలిసారిగా హైదరాబాదున వెలసిన అంబేద్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయము, 1985 నాటి ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయము, 1994లో అహమ్మదాబాదున ఏర్పడిన మరియొక అంబేద్కరు విశ్వవిద్యాలయము.

సూరతు కళాశాలల కథ ఈ సందర్భమున కొంత చెప్పవలెను. ఇచ్చటి సార్వజనిక విద్యాసంఘము 1912లో పుట్టినది. దాని పూనికతో 1918లో వెలసిన కళాశాలయే నేడు ఎం.టి.బి. కళాశాలగా ప్రసిద్ధమైనది. మన హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టిన సంవత్సరమును అదే. తొలుత సూరతు విద్యార్థి బొంబాయి విశ్వవిద్యాలయపు పరీక్షలు వ్రాసెడివాడు. 1949లో గుజరాతు విశ్వవిద్యాలయము ఏర్పడగా అహమ్మదాబాదువైపు తిరిగెను. 1965 నాటి చట్టముచే దక్షిణగుజరాతు విశ్వవిద్యాలయము ఏర్పడిన పిదప గాని తన యూరి పట్టము తన యూరిలోనే పుచ్చుకొను భాగ్యము అతనికి కలుగలేదు. ఆ విశ్వవిద్యాలయమునకు 2004లో వీర నర్మదు పేరు పెట్టిరి. 1833లో సూరతున పుట్టి 1886లో గతించిన ఈ నర్మదుడు, గుజరాతీ గద్యమునకు ఆద్యుడు, నిఘంటుకర్త, సంఘసంస్కర్త మాత్రమే కాక, తన నగరచరిత్రను సంగ్రహముగా గ్రంథస్థము చేసినవాడు కూడను. ఏ విశ్వవిద్యాలయమునకు చరిత్ర వ్రాసినవాని పేరున్నదో, ఆ విశ్వవిద్యాలయమున చరిత్రశాఖకు మొగ్గు తక్కువై, వాణిజ్యశాఖలకు వరుసలు కట్టుచుండుట నాకు కొంత వింతగానే తోచును. వజ్రములు సానబట్టి, పట్టుజరీ నేసి బ్రతుకు నగరమని సర్దుకొనుటయే.

ఇంతవరకు చెప్పినవి కాగితముపైని నియమములు. వీనిని తీర్చినంతమాత్రమున పట్టము దొరకును, చరిత్ర దొరకదు. నా దృష్టిలో అసలైన అర్హత మరియొకటి కలదు: ఒక మూలపత్రమును చేతబట్టి, అది ఎవరు, ఎప్పుడు, ఎవరికొరకు, ఎందుకు వ్రాసిరో విచారించి, అందు నమ్మదగినదెంత, నమ్మరానిదెంత అని తేల్చుకొను శక్తి. ఎం.ఏ. పాఠ్యప్రణాళికలలో చరిత్రరచనాశాస్త్రమని, పరిశోధనపద్ధతియని పేర్లు పెట్టి చెప్పు పాఠములన్నియు దీనికొరకే. విద్యార్థులు మాత్రము వీనిని నోట్సు బట్టీపట్టి దాటించివేయు పత్రములుగనే భావింతురు. అట్లు దాటించివేసినచో నష్టమేమో చూపుటకు సూరతు చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఒక ఘటనను తీసికొందము.

శివాజీ మహారాజు సూరతుపై తొలిదాడి చేసినది ఏ సంవత్సరమున? 1664 అని బడిపిల్లవాడును చెప్పును. కాని ఆనాటి ఇంగ్లీషు కొఠీవారి ఉత్తరములు తెరచినచో జనవరి 1663 అని కనబడును. విద్యార్థి కంగారుపడును, పుస్తకము తప్పో, ఉత్తరము తప్పో అనుకొనును. రెండును తప్పు కావు. ఆనాటి ఇంగ్లీషువారి లెక్కలో కొత్త సంవత్సరము మార్చి 25న పుట్టును గాన, జనవరి నెల పాతయేటి తోకలోనిదే. ఇక డచ్చివారి కాగితములలో అదే దినము పదిరోజులు ముందునకు జరిగి కనబడును. ఏలయన గ్రెగరీ పోపు దిద్దిన పంచాంగమును హాలండు అప్పటికే స్వీకరించియుండెను, ఇంగ్లండు స్వీకరింపలేదు. పారశీక పత్రములలో అది హిజరీ 1074. సూరతు షావుకార్ల బహీఖాతాల లెక్కలో, కార్తీకమున మొదలగు విక్రమ సంవత్సరము 1720. మన తెలుగు పంచాంగము ప్రకారము శాలివాహనశకము 1585, శోభకృత్ సంవత్సరము. ఒక్క దాడికి ఇన్ని తేదీలు! ఈ లెక్కలను ఒకదాని నుండి ఒకదానికి మార్చుట చేతకానివాడు, నాలుగు సెమిస్టర్లు కాదు గదా, నలువది సెమిస్టర్లు చదివినను, రెండు పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చలేడు.

తేదీ తేలిన తరువాత కథ. మొగలాయీ అధికారి ఇనాయతుఖాను నగరమును గాలికి వదలి, తపతి యొడ్డున పదునారవ శతాబ్దమున ఖుదావందుఖాను కట్టించిన కోటలో దాగుకొనెనని, ఇంగ్లీషువారు తమ అధ్యక్షుడు జార్జి ఆక్సెండెను నాయకత్వమున తమ కొఠీని వీరోచితముగా కాపాడుకొనిరని మనకు చెప్పువారు ఎవరు? ఇంగ్లీషువారే. తమ పై అధికారులకు తాము వ్రాసికొనిన నివేదికలో తమ పిరికితనము వ్రాసికొను గుమాస్తా ఏ దేశముననైనను ఉండునా? శివాజీ శిబిరమున చిక్కి విడుదలయైన ఆంటొనీ స్మిత్తు చెప్పినది ఒక కథ. కొఠీలోని మతాచార్యుడు ఎస్కాలియో స్వదేశములోని ఒక పండితునకు వ్రాసిన ఉత్తరము మరియొక కథ. ఫ్రెంచివాడగు బెర్నియే ఈ దాడినిగూర్చి వ్రాసెను గాని కన్నులార చూచి వ్రాయలేదు. మరాఠీలోని సభాసదు బఖరు అను చరిత్రకథనము, శివాజీ గతించిన పిదప, రాజారాము కాలమున జింజీలో వ్రాయబడినది; తన ప్రభువు కీర్తి దానికి ప్రధానము. వీర్జీ వోరా, హాజీ జాహిదుబేగు అను ఇరువురు కోటీశ్వరుల యిండ్లు కొల్లపోయినవని అందరును చెప్పుదురు. పోయినది ఎంతయని మాత్రము ఏ ఇద్దరును ఒక్కమాట చెప్పరు. కొల్లగొట్టినవానికి ఎక్కువగా చెప్పుకొనుట గొప్ప, పోగొట్టుకొనినవానికి పన్నుల మినహాయింపు కొరకు ఎక్కువగా చెప్పుకొనుట లాభము. ఈ సాక్ష్యములను వరుసగా పిలిచి ప్రశ్నించుట నేర్పుటయే ఎం.ఏ. మొదటి యేటి పని అని నా అభిప్రాయము. మన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు తెలుగున శివాజీ చరిత్రము వ్రాసిన దినములలో ఈ పత్రములలో పెక్కు అచ్చుకాలేదు. సర్ విలియం ఫాస్టరు సంపాదకత్వమున ఇంగ్లీషు కొఠీల పత్రముల సంపుటములు 1906 మొదలు 1927 వరకు వెలువడిన పిమ్మటనే అవి అందరికి అందుబాటులోనికి వచ్చినవి. ఇప్పటి విద్యార్థికి అవి ఇంటనే, తెరమీదనే దొరకుచున్నవి. చదువకపోవుటకు సాకు లేదు.

పత్రముల తరువాత, వానిమీద పండితులు చేసిన వాదములు చదువవలెను. సూరతు రేవు పదునెనిమిదవ శతాబ్దమున ఎందుకు క్షీణించెను? ఇంగ్లీషువారు బొంబాయిని పెంచుటవలన అని మనము బడిలో చదువుకొంటిమి. అషీన్ దాస్‌గుప్తా 1979లో ప్రకటించిన గ్రంథమున ఆ మాటను త్రోసిరాజని, మొగలాయీ సామ్రాజ్యము, పారశీకపు సఫవీ రాజ్యము, తురుష్క సామ్రాజ్యము ఇంచుమించు ఒకేకాలమున సడలుటచే, వానిని నమ్ముకొని సాగిన సముద్రవర్తకము కూలినదని వాదించినారు. 1759లో ఇంగ్లీషువారు సూరతు కోటను వశపరచుకొనుటకు వడ్డీవ్యాపారులగు బనియాల సాయము మూలమని లక్ష్మీ సుబ్రహ్మణ్యం వ్రాయగా, అట్లు మతముననుసరించి వర్తకులను రెండుగా చీల్చి చూచుట పొరపాటని ఇటలీదేశీయుడు మికెల్‌గుల్యెల్మో తోర్రి ఖండించినాడు. పరీక్షలో ఈ పేర్లు చెప్పినంతనే మార్కులు పడవు. ఏ పత్రము నాధారముగ చేసికొని ఎవరేమన్నారో, అందు తనకు సరియని తోచినది ఏదో, ఎందుకో చెప్పవలెను. ఇట్లు చెప్పగలవానికి మిగిలిన పత్రములు, ప్రాచీనభారతమైనను ప్రపంచచరిత్రయైనను, అంత భయము పుట్టింపవు. అందుచే వానిగూర్చి విస్తరింపను.

ఇక భాషల సంగతి. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయములలో చరిత్ర ఎం.ఏ. విద్యార్థి ఆంగ్లేతరమైన ఒక భాషలో చదివి అర్థము చేసికొనగలనని పరీక్ష నిచ్చి నిరూపింపవలసియుండును. మనదేశమున అట్టి నిర్బంధము సామాన్యముగా లేదు. ఉండవలెనని నేననెదను. సూరతు విద్యార్థికి తరగతిలోని పాఠము మిక్కిలిగా గుజరాతీలో జరుగును. మొగలాయీ కాగితములు పారశీకమున, వర్తకుల చిట్టాలు పాత గుజరాతీలో, డచ్చి పత్రములు డచ్చిలో నుండును. ఇన్నియు ఒక్కడు నేర్వలేడు. ఒక్కటైనను నేర్వవలెను. మన తెలుగు బిడ్డలకు ఈ విషయమున ఒక మేలు కలదు. ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, మగ్గముల ఖాతాలో, అనగా కార్ఖానాలో, హిందీ మాటలాడుచు పెరిగిన పిల్లకు, మూడుభాషల నడుమ తిరుగుట కొత్త కాదు.

ఈ మూడుభాషల పిల్ల పట్టుకొనదగిన ఒక దారపు కొన చూపెదను. ఇంగ్లీషువారు సూరతున కొఠీ పెట్టుటకు కొంచెము ముందు, 1611లోనే, మన మచిలీపట్నమున దిగినారు. విలియం మెథ్వోల్డు అను కంపెనీ ఉద్యోగి 1618 మొదలు 1622 వరకు మచిలీపట్నమున ఉండి, గోలకొండ రాజ్యమునుగూర్చి ఒక వృత్తాంతము వ్రాసెను. దానిని మోర్లాండు పండితుడు 1931లో వివరణలతో అచ్చు వేయించినాడు. ఆ మెథ్వోల్డే 1633లో సూరతు కొఠీకి అధ్యక్షుడై వచ్చెను. అతడు వచ్చునాటికి ఈ దేశము ఏ స్థితిలో నుండెను? 1630 మొదలు 1632 వరకు గుజరాతును మ్రింగిన మహాక్షామమున నేతగాండ్రు గుంపులు గుంపులుగా చచ్చియో, వలసపోయియో ఉండిరి. 1630 చివర సూరతు నుండి ఆగ్రాకు ప్రయాణము చేసిన పీటరు మండీ త్రోవపొడుగున శవములను చూచినట్లు వ్రాసియుంచినాడు. గుజరాతు మగ్గములు ఆగిపోగా, కంపెనీలవారు బట్టలకొరకు కోరమండలతీరమువైపు, అనగా మన తెలుగు నేతగాండ్రవైపు, మరింతగా మొగ్గిరి. ఆనాడు సూరతు మగ్గము పడిపోయినచో తెలుగునాట మగ్గమునకు పని పెరిగినది. మన కాలమున తెలుగునాట చేతిమగ్గము పడిపోగా తెలుగు నేతన్న సూరతు మరమగ్గము కడకు వచ్చినాడు. ఈ రెండు రాకపోకల నడుమ మూడువందల యేండ్లకు పైబడిన కథ కలదు. ఆ కథను పూర్తిగా చెప్పుటకు తెలుగు తెలిసి, గుజరాతీ తెలిసి, ఇంగ్లీషు పత్రములు చదువగలవారే కావలెను.

పుస్తకములకు వెలుపల చూడవలసినది కూడ నున్నది. సూరతు నగరపాలక సంస్థ కార్యాలయము నడుచుచున్న మొగల్‌సరాయి, షాజహాను కాలమున 1644 ప్రాంతమున యాత్రికులకొరకు కట్టిన సత్రము. జననమరణముల సర్టిఫికెట్టులకై వరుసలో నిలుచున్నవారిలో ఎందరు ఈ సంగతి ఎరుగుదురో! కతార్‌గాం దారిలోని ఇంగ్లీషువారి గోరీలతోటలో, ఇందాక చెప్పిన ఆక్సెండెనును, అతని సోదరుడు క్రిస్టొఫరును మనదేశపు మసీదుల పోలికనున్న గుమ్మటముల క్రింద నిద్రించుచున్నారు. డచ్చివారి తోటలో హెండ్రిక్ వాన్ రీడు సమాధి కలదు. మలబారు ఓషధులనుగూర్చి పండ్రెండు సంపుటముల గ్రంథము వెలయింపజేసిన ఆయన 1691లో సముద్రముపైని గతింపగా, దేహమును సూరతునకు తెచ్చి, రాజులకు కట్టునంతటి కట్టడము కట్టిరి. చావులోను ఒకరిని మించవలెనని ఇంగ్లీషువారును డచ్చివారును పడిన పోటీ ఆ గుమ్మటముల యెత్తులోనే తెలియుచున్నది. ఏ పుస్తకమును దానిని అంత సూటిగా చెప్పజాలదు. ఆర్మీనియనుల రాతిపలకలు కూడ దగ్గరలోనే ఉన్నవి. సూరతు కొఠీ దినచర్యల మూలప్రతులు మాత్రము ముంబయిలోని మహారాష్ట్ర రాష్ట్ర దస్తావేజుల కార్యాలయమున నున్నవి. ఇచ్చట ఉదయము రైలెక్కినచో మధ్యాహ్నమునకు చేరవచ్చును. కళాశాల నుండి పరిచయపత్రము తీసికొని పోవలెను. దక్కనుకు సంబంధించిన ఔరంగజేబు కాలపు కాగితములు హైదరాబాదు తార్నాకలోని ప్రభుత్వ దస్తావేజుల భాండారమున పుష్కలముగా నున్నవి.

చివరి సెమిస్టరున అనేక విశ్వవిద్యాలయములు ఒక లఘుపరిశోధనవ్యాసము కోరును. ఇచ్చటి మార్గదర్శకులకు నా ప్రార్థన యొక్కటే: తెలుగు పిల్ల వచ్చి విషయము అడిగినప్పుడు అక్బరు పరిపాలనయని వేయిమంది వ్రాసినదే మరల వ్రాయింపకుడు. లింబాయతులోని మొదటితరము నేతన్నల నడిగి వ్రాయింపుడు. వారు సిరిసిల్లనుండియో, జనగామనుండియో ఏ యేట బయలుదేరిరి, ఎవరు పిలువగా వచ్చిరి, తొలిరాత్రి ఏ ఖాతాలో మగ్గముల సందున పడుకొనిరి, మీటరుకు ఎన్ని పైసలు కూలి, బతుకమ్మను తొలిసారి ఏ వీధిలో ఆడిరి, మార్కండేయుని గుడికి ఎవరు చందా లిచ్చిరి అను సంగతులు ఏ దస్తావేజుల కార్యాలయమునను లేవు. ఇట్లు వినివ్రాసిన చరిత్రకును కట్టుబాట్లున్నవి: చెప్పినవారి అనుమతి, తేదీ, స్థలము వ్రాసికొనుట, ఒకరు చెప్పినదానిని మరియొకరి మాటతోను, రేషనుకార్డు, బడి రిజిస్టరు వంటి కాగితములతోను సరిచూచుకొనుట. పెద్దలకు జ్ఞాపకములు తప్పును. కొన్ని కావలెననియే తప్పును. కొఠీ గుమాస్తా నివేదికను ప్రశ్నించినట్లే తాతగారి మాటనుకూడ, మర్యాదతో, ప్రశ్నింపవలెను.

ఇచ్చట ఒక తండ్రి తప్పక అడుగు మాట నాకు వినబడుచున్నది. "ఎమ్మే హిస్టరీ చదివితే ఏమొస్తది సారూ? ఇంట్ల ఇద్దరు సాంచెల మీద నిలబడితేనే ఇల్లు నడుస్తున్నది" అని. న్యాయమైన ప్రశ్న. అన్నా, ఎం.ఏ. ముగించినంతనే ఉద్యోగము ఇంటికి నడచిరాదు. ఆ మాట దాచుటవలన లాభము లేదు. ఎం.ఏ.లో నూటికి ఏబదియైదు మార్కులు, రిజర్వేషను గలవారైనచో ఏబది, తెచ్చుకొనినవారు జాతీయ అర్హతాపరీక్షయగు నెట్‌కుగాని, గుజరాతు రాష్ట్రపు జీసెట్‌కుగాని కూర్చుండవచ్చును. నెగ్గినచో కళాశాలలో అధ్యాపకపదవికి అర్హత కలుగును, నెట్‌లో పై మార్కులు వచ్చినవారికి పరిశోధనకు నెలనెల భృతి లభించును. అందుచే ఏబదియైదుకు తగ్గకుండ చూచుకొనుట చదువు మొదలిడిన నాటినుండియే ముఖ్యము. ఏబదినాలుగుతో ఆగినవారు తరువాత పడు తిప్పలు ఇంతయంత కావు. పబ్లిక్ సర్వీసు పరీక్షలలో చరిత్రకు పెద్ద వాటా కలదు. బడిలో ఉపాధ్యాయుడు కాదలచినవారు బి.ఎడ్. కూడ చేయవలెను. మ్యూజియములు, దస్తావేజుల కార్యాలయములు, పురావస్తుశాఖ ఉన్నవి గాని, ఖాళీలు కొద్ది. రెండేండ్లు పగటిపూట పని మానుకొనుట కుటుంబమునకు భారమైనచో, సార్వత్రిక విశ్వవిద్యాలయపు దారి పట్టుట తప్పు కాదు, తక్కువయు కాదు.

పట్టమునకును పాండిత్యమునకును నడుమనున్న దూరమునుగూర్చి ఒక మాట. కొమర్రాజువారు ఎం.ఏ. పట్టభద్రులు, 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపించి తెలుగువారికి చరిత్ర చదువుట నేర్పిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారికి విశ్వవిద్యాలయపు పట్టము లేదు; శాసనములు చదివి, చదివి, ఆ విద్యతోనే ఆంధ్రవిశ్వవిద్యాలయమున చరిత్ర బోధించు పీఠమెక్కిరి. శర్మగారిని చూపి, పట్టమెందుకని వాదించువారు కలరు. ఆ వాదము నాకు సమ్మతము కాదు. శర్మగారి వంటివారికి దారి తెరచుటకు ఆనాటి విశ్వవిద్యాలయము నియమము సడలించినది. నేటి నియమములు అట్లు సడలవు. పైగా, పుస్తకాలయపు గుర్తింపుకార్డు, దస్తావేజుల కార్యాలయమున ప్రవేశము, తప్పు దిద్దు గురువు, తప్పు పట్టు సహాధ్యాయి, ఇవన్నియు నేతకార్మికుని బిడ్డకు కళాశాలద్వారముననే సులభముగ దొరకును. ధనికుని బిడ్డ పట్టము లేకయు వీనిని సంపాదించుకొనవచ్చునేమో. ఈ బిడ్డకు పట్టమే తాళపుచెవి.

లింబాయతులోను, ఉధనాలోను, పర్వత్‌గాంలోను ఈ ప్రసంగము వినుచున్న పెద్దలారా, మీ పెట్టెలలో తొలినాటి కూలిచీటీలు, ఊరినుండి వచ్చిన ఉత్తరములు, గుడి చందా పుస్తకములు ఉన్నచో పాతకాగితములవానికి వేయకుడు. ఈ యేడు బి.ఏ. ముగించుచున్న తమ్ములారా, చెల్లెండ్రారా, ప్రవేశపు పోర్టలు తెరచు నాటికి మార్కుల పత్రములు, మైగ్రేషన్ సర్టిఫికెట్టు సిద్ధము చేసికొనుడు. మీలో ఒక్కరైనను చరిత్రకు దరఖాస్తు పెట్టుడు. మొదటితరము నేతన్నలలో పెక్కురు డెబ్బది దాటినవారు. వారిని అడుగుటకు ఇంక ఎంతో వ్యవధి లేదు.